రాళ్ల స్నానం

హనుమంతమ్మ బండను చూసి చెప్పదు, విని చెబుతుంది. గుప్పెడంత రాతిముక్క చేతపట్టుకుని, నిలబెట్టిన నాపబండను నడిమధ్యన ఒకసారి, నాలుగు మూలలా నాలుగుసార్లు తడుతుంది. ఖణేల్‌మంటే మంచి బండ. లోపల వెంట్రుకంత నెర్రె ఉన్నా బద్దుమంటుంది, అది పక్కకు పోతుంది. బేతంచెర్ల దారిలో ఉన్న ఆ పాలిష్ ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా చెక్కపెట్టెల్లోకి ఎక్కి ఓడల దాకా పోయిన బండలన్నీ ఆమె చెవి దాటి పోయినవే. ఓనరు చంద్రమోహన్ బేరగాళ్లు వచ్చినప్పుడల్లా ఆమెను చూపించి "మా మిషను ఇది" అని నవ్వుతుంటాడు. ఆ మిషనుకు ఇంతవరకు ఒక ముక్కాలిపీట వేసిన పాపాన పోలేదు, అది వేరే సంగతి.

నెలన్నర నుంచి చెవితో పాటు చేతులకూ పని పెరిగింది. మంచిదని తేలిన బండను నేరుగా పెట్టెలో పెట్టడానికి లేదిప్పుడు. దానికి స్నానం చేయించాలి. ఫ్యాక్టరీ వెనక రేకుల పందిరి కింద గచ్చు పోసి నాలుగు పైపులు బిగించారు. ఆడవాళ్లు దానికి స్నానాల దొడ్డి అని పేరు పెట్టుకున్నారు. బండకు ముందూ వెనకా పైపుతో నీళ్లు కొట్టి, కొబ్బరిపీచుతో రుద్ది, మళ్లీ కొట్టి, ఆరబెడితే, మేస్త్రీ నాగన్న తెల్లగుడ్డ తీసుకుని వచ్చి తుడుస్తాడు. గుడ్డకు రాతిబూడిద అంటితే పని మళ్లీ మొదటికి. అంటకపోతే బండనూ గుడ్డనూ పక్కపక్కన పెట్టి, పెళ్లిసంబంధానికి పంపినంత శ్రద్ధగా ఫోటో తీసి పోర్టుకు పంపుతాడు.

పాలిష్ మిషన్లకైతే వాడిన నీళ్లనే తొట్లలో తేర్చి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. స్నానానికి అవి పనికిరావు, ఆరాక తెల్లటి పొర కడుతుంది. దీనికి మంచినీళ్లే కావాలి. అందుకని చంద్రమోహన్ ఆడవాళ్లుండే కాలనీ వైపు ప్రహరీ పక్కన వెయ్యి అడుగుల బోరు వేయించాడు.

"మనుషులు వారం దినాలు నీళ్ళు పోసుకోకున్నా అడిగే దిక్కు ల్యాదు. రాయికి మాత్రం రోజూ తలంటే" అంది సుబ్బక్క, పైపు బండ మీదికి తిప్పుతూ. సుబ్బక్క కాలనీలో హనుమంతమ్మకు పక్కింటి మనిషి, పనిలో జతమనిషి. ఎనిమిదేళ్లు పెద్దది. నోరు ఊరుకోదు. "వచ్చే జన్మలో రాయై పుడదాం మే, ఈ తిప్పలుండవు."

"పోర్టోళ్ళ రూలక్కా, మనం జేసేదేముండాది?" అన్నాడు నాగన్న. "వానొస్తే బండల మీది దుమ్మంతా వాళ్ళ యార్డులో కారి సముద్రంలోకి పోతాదంట. గ్రీన్ పోర్టు అని పేరు తెచ్చుకునేకి చూస్తాండారు. ఆ పేరుంటేనే పెద్ద ఓడలొస్తాయంట. ల్యాకపోతే పక్క పోర్టుకు మళ్ళుకుంటాయంట."

"సముద్రాన్ని పక్కన పెట్టుకోని రాళ్ళు ఈడ కడిగేదేందప్పా? దానికేమన్నా నీళ్ళు కరువా?"

నాగన్న గుడ్డ మడిచి పక్క బండ దగ్గరికి పోయాడు. దానికి జవాబు చంద్రమోహన్ దగ్గర ఉంది కానీ అది ఆడవాళ్లకు చెప్పేది కాదు. పోర్టులో కడిగిస్తే వాళ్లు వేసే బిల్లు కంటే ఇక్కడి బోరు చవక. ఇక్కడి నీళ్లకు బిల్లు వేసేవాళ్లెవరూ లేరు.

కాలనీ బోరు వీధి చివర ఉంది. ఇంతకుముందు పొద్దున కరెంటు రాగానే మోటరు వేస్తే నలభై ఇళ్లకూ కావలసినన్ని బిందెలు నిండి, పశువుల తొట్టికి కూడా మిగిలేవి. ఇప్పుడు ఇరవై నిమిషాలకే పైపు దగ్గుతుంది, ఎర్రటి బురద కక్కుతుంది, ఆ తర్వాత ఉత్త గాలి. ఇంటికి రెండు బిందెలని వీధివాళ్లే కట్టుబాటు చేసుకున్నారు. రెండు బిందెల్లోనే తాగాలి, వండాలి, కడగాలి.

హనుమంతమ్మ ఇంట్లో ఇంకొక పని కూడా ఉంది. అత్త లక్ష్మీదేవమ్మకు ఎడమపక్క పడిపోయి రెండేళ్లయింది. మంచం మీదే అన్నీ. కొడుకు బొజ్జన్న క్వారీలో పనికిపోతే వారానికొకసారి ఇంటికొస్తాడు. ముసలామెను చూసుకునేది కోడలే. రోజూ సాయంత్రం గుడ్డ తడిపి ఒళ్లు తుడుస్తుంది. ముఖం, మెడ, చంకలు, వీపు, కాళ్లు. గుడ్డ ఒక్కసారే తడపాలి, రెండోసారికి నీళ్లు చాలవు. పగలంతా పైపు పట్టుకుని రాళ్లు కడిగి మెత్తబడిన వేళ్లతో ఆ ఒక్క తడిగుడ్డను పొదుపుగా జరుపుకుంటూ వచ్చేటప్పుడు ఆమె లెక్క వేసుకుంటుంది. ఒక్క బండ మీద పోసే నీళ్లుంటే చాలు అత్తకు తలంటు పోయడానికి.

"రవంత తలకు పోయ్ మే. నెత్తంతా దురద పుడ్తాండాది" అంది ముసలామె ఆ సాయంత్రం కూడా.

"శుక్రవారం పోస్తా అత్తా."

"పోయిన శుక్రవారం గూడ అట్లనే అంటివి."

"ఈసారి తప్పకుండా పోస్తా. చూడు, నీళ్ళు ఎత్తి పెట్టినా."

అది అబద్ధం కాదు. మంచం కింద మూత పెట్టిన బకెట్టు ఒకటి ఉంది. రోజుకొక చెంబు, ఒక్కో రోజు అరచెంబు, తన ఒంటి నీళ్లలోంచి మిగిల్చి హనుమంతమ్మ దాంట్లో పోస్తూ వచ్చింది. పన్నెండు రోజులకు ముక్కాలు బకెట్టయింది. శుక్రవారానికి ఇంకా మూడు రోజులుంది.

మరుసటి పొద్దున చంద్రమోహన్ ఆడవాళ్లందరినీ స్నానాల దొడ్డి దగ్గర నిలబెట్టాడు. చెడ్డ మనిషని ఎవరూ అనరు అతన్ని. ఇంట్లో చావొస్తే వస్తాడు, పండగకు చీర ఇస్తాడు.

"చూడండమ్మా, రేపు బేస్తవారం పోర్టు నుంచి మేడమ్ వస్తాండాది. మన ఫ్యాక్టరీ వాళ్ళ లిస్టులో ఉండాలా వద్దా అనేది ఆయమ్మ రాసేదాన్ని బట్టి ఉండాది. దుమ్ము ల్యాకుండా బండ కడిగితే సరిపోదంట. నీళ్ళు యాడ నుంచి తెస్తాండారని గూడ అడుగుతారంట ఈసారి. భూమిలో నీళ్ళు తోడితే ఒప్పుకోరంట." ప్రహరీ పక్కన కొత్తగా తవ్వించిన గుంతను చూపించాడు. దాంట్లో నీలం పట్ట పరిచి ఉంది. "అది వాన నీళ్ళ గుంత. అడిగితే అట్ల చెప్పండి. చెప్పేకి మనసు రాకుంటే ఊరికే ఉండండి. నేనేం కావాలని చేస్తాండానా? లిస్టులో పేరు పోతే మీరూ ఉండరు, నేనూ ఉండను."

వాన చూసి ఐదు నెలలయింది. ఆదివారం నుంచి బోరు నీళ్లు ఆ గుంతలోకే పోతున్నాయని ఆడవాళ్లందరికీ తెలుసు. ఎందుకంటే ఆదివారం నుంచి కాలనీ బోరుకు ఇరవై నిమిషాలు కూడా లేవు. మైలు దూరం నడిచి ఎవరి తోటలోనో బతిమాలి తలా ఒక బిందె మోసుకొస్తున్నారు.

బేస్తవారం పదకొండు గంటలకు వచ్చిన మేడమ్‌ను చూసి సుబ్బక్క నిరుత్సాహపడింది. ఇరవై ఆరేళ్లుంటాయేమో. పేరు శిల్ప. మెడలో తాడుకు గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, బూట్ల నిండా దుమ్ము. తెల్లగుడ్డ తెమ్మని తనే బండలు తుడిచి చూసింది. హనుమంతమ్మ బండ తడుతుంటే పక్కన నిలబడి ఆసక్తిగా విన్నది. తనూ ఒక బండ తట్టి "ఇది మంచిదేనా అండీ?" అని అడిగింది.

"కాదు పాపా. కింద మూలన నెర్రె ఉండాది."

పిల్ల వంగి వెతికింది. కనపడలేదు. అయినా నమ్మింది. గుంత దగ్గరికి పోయి నీళ్లలో వేళ్లు ముంచి, "ఈ ఎండల్లో ఇన్ని నీళ్లు ఎలా నిలిచాయండీ?" అంది. వానలు ముందుగానే బాగా పడ్డాయన్నాడు చంద్రమోహన్. ఆమె రాసుకుంది.

తర్వాత చంద్రమోహన్‌ను దాటి వచ్చి నాగన్నను నెమ్మదిగా అడిగింది. "లేడీస్ టాయిలెట్ ఎటు?"

నాగన్న నేల చూశాడు. ముప్పైమంది ఆడవాళ్లు పదకొండేళ్లుగా ఫ్యాక్టరీ వెనక సర్కారు కంపల్లోకి పోయివస్తున్నారు. మేడమ్‌ను కంపల్లోకి పొమ్మనలేడు కదా. "హనుమంతమ్మక్క ఇల్లు దగ్గరే మేడమ్. ఆడ ఉండాది" అన్నాడు.

ఉన్నమాట నిజమే. సర్కారు కట్టించిన మరుగుదొడ్డి అది. నీళ్లు లేక నెలన్నరగా దాంట్లో కట్టెలు పెట్టుకుంటున్నారు. హనుమంతమ్మ గబగబా ముందు నడిచి కట్టెలు బయట పడేసింది. ఇంట్లోకి వచ్చి చూస్తే పొయ్యి పక్కన తాగే నీళ్లు అరబిందె. మంచం కింద బకెట్టు.

గడప తొక్కిన మనిషికి, అందులోనూ ఆడపిల్లకు, నీళ్లు లేవని చెప్పడం ఆ ఇంట్లో ఎవరూ నేర్పలేదు. బకెట్టు రెండు చేతులతో ఎత్తి తీసుకుపోయి దొడ్డి ముందు పెట్టింది. లోపల నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు విని బయట గోడకు ఆనుకుని నిలబడింది. ఒక్కో చెంబు ఏ రోజు మిగిల్చిందో ఆమెకు జ్ఞాపకమే.

"నీళ్ళొచ్చినాయా మే?" లోపల్నుంచి ముసలామె గొంతు సంతోషంగా లేచింది. "శబ్దం వినపడ్తాండాది. శుక్రవారమా ఈ పొద్దు?"

"కాదత్తా. బేస్తవారం."

శిల్ప బయటికి వచ్చి, అడుగున మిగిలిన నీళ్లు కూడా పాదాల మీద కుమ్మరించుకుంది. బూట్లు విప్పిన పాదాలు వేడికి ఉడికి ఎర్రగా ఉన్నాయి. "ఇంకో బకెట్ ఇస్తారా అండీ? అక్కడ సరిగ్గా పోయలేదు."

"ఇంక ల్యావు పాపా."

"లేవంటే?"

హనుమంతమ్మ మొదట ఊరికే ఉంది. చంద్రమోహన్ ఊరికే ఉండమన్నాడు. కానీ పిల్ల ఖాళీ బకెట్టును చూసి, గుడిసెలోకి తొంగిచూసి, మంచం మీద తల గోక్కుంటున్న ముసలామెను చూసి, అట్ట చేతికి తీసుకుంది. పెన్ను మూత తీసింది.

ఆ వీధిలోకి మెడలో కార్డు వేసుకుని, అట్ట పట్టుకుని వచ్చేవాళ్లు ఎప్పుడూ ఒకే రకం. వస్తారు, అడుగుతారు, రాసుకుపోతారు. ఆరు నెలలకో ఏడాదికో రాసుకుపోయింది వస్తుంది. ముసలామె పింఛను అట్లానే వచ్చింది. గ్యాసుపొయ్యి అట్లానే వచ్చింది. ఆ దొడ్డి కూడా అట్లానే వచ్చింది. రాసుకునే మనిషంటే ఇచ్చే మనిషని ఆ వీధికి తెలిసిన ఒకే ఒక్క పాఠం. హనుమంతమ్మ గడప మీద కూర్చుని అంతా చెప్పింది. వెయ్యి అడుగుల బోరు, ఇరవై నిమిషాల మోటరు, రెండు బిందెలు, నీలం పట్ట గుంతలోకి ఎన్నాళ్లుగా బోరు నీళ్లు పోస్తున్నదీ, ఏదీ దాచలేదు.

శిల్ప రాస్తూ రాస్తూ ఆగింది. "అమ్మా, ఇవన్నీ నేను రిపోర్టులో పెట్టాలి. మీ పేరు రాయను. కానీ పెడితే మీ ఫ్యాక్టరీకి..."

"రాయి పాపా, బాగా రాయి. కుళాయి మాత్రం ఈ మలుపులోనే పెట్టమని రాయి. మా అత్తకు మంచం మీద నుంచి నీళ్ళ శబ్దమన్నా వినపడ్తాది."

పిల్ల పెన్నుకు మూత పెట్టింది. తన బ్యాగులో ఉన్న నీళ్ల సీసా తీసి గడప మీద పెట్టి, వెనక్కి చూడకుండా ఫ్యాక్టరీ వైపు నడిచింది. ఆమె అట్టకు ఉన్న కాగితంలో కుళాయికి గడి లేదు.

ఆ శుక్రవారం తలంటు లేదు. వచ్చే శుక్రవారం అంది హనుమంతమ్మ. ఈసారి ఆ మాట ధైర్యంగానే అంది.

శనివారం మధ్యాహ్నం, పోర్టుకని మూడు రోజుల కింద పోయిన లారీ పెట్టెలతో సహా వెనక్కి వచ్చింది. చంద్రమోహన్ కేకలేయలేదు. కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుని తల ఎత్తాడు.

"లిస్టులోంచి తీసేసినారు. వాళ్ళనీ అనేకి ల్యాదు. పక్క పోర్టుతో పోటీ వాళ్ళకు. సరుకు పంపేటోళ్ళలో ఒక్కరు తప్పు జేసినా వాళ్ళ పేరు పోతాదంట." ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. "ఎవరో ఆయమ్మకు నిజం చెప్పినారు. ఎవరని నేనడగను. సోమవారం నుంచి పని ల్యాదు."

పెట్టెలు దింపి విప్పారు. హనుమంతమ్మ చెయ్యి అలవాటు చొప్పున రాతిముక్క అందుకుంది. ఒక్కొక్క బండే తట్టింది. అన్నీ ఖణేల్‌మన్నాయి. ఒక్కదానికీ నెర్రె లేదు. సుబ్బక్క పక్కన నిలబడి ఆ చప్పుళ్లన్నీ వింది. మేడమ్ ఎవరింటికి పోయిందో ఆమెకు తెలుసు. ఏమీ అనలేదు. ఊరుకోని నోరు ఊరుకుంటే ఎంత భయమేస్తుందో హనుమంతమ్మకు ఆ రోజే తెలిసింది.

ఆదివారం కాలనీ మోటరు అరగంట నడిచింది. సోమవారం ముక్కాలు గంట. వీధిలో బట్టలు ఆరేసిన తాళ్లు కనబడ్డాయి. పని పోయింది గానీ నీళ్లొచ్చాయని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. హనుమంతమ్మ ఇన్నాళ్ల మురికి పట్టిన పక్కబట్టలన్నీ ఉతికింది. మంగళవారం బకెట్టు నిండా నీళ్లు తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"లే అత్తా. తలకు పోస్తా."

"ఈ పొద్దేం వారం?"

"మంగళవారం."

"మంగళవారం తలకు పోసుకుంటారామే ఎవరన్నా? నీ మొగుడు క్వారీలో దిగే మనిషి" అని ముసలామె కసిరింది. "ఇన్నాళ్ళు ఆగినా, మూడు రోజులు ఆగలేనా? శుక్రవారం పోయ్. కుంకుడుకాయలు నానబెట్టి బాగా రుద్ది పోయ్."

హనుమంతమ్మ నవ్వింది. రెండు నెలల్లో అది మొదటి నవ్వు. ఆ బకెట్టుతో ఇల్లు కడుక్కుంది. నీళ్లు రేపూ వస్తాయి కదా.

బుధవారం పొద్దున కాలనీ పైపు పది నిమిషాలకే దగ్గింది. ఫ్యాక్టరీ గేటులోంచి ఒకదాని వెనక ఒకటి ట్యాంకర్లు బయటికి వస్తున్నాయి. స్నానాల దొడ్డి ఎండిపోయి ఉంది గానీ ప్రహరీ పక్కన మోటరు మోగుతూనే ఉంది.

మధ్యాహ్నం నాగన్న హనుమంతమ్మను వెతుక్కుంటూ వచ్చాడు. "అక్కా, కొండ అవతల ఫ్యాక్టరీకి పోయింది మన ఆర్డరంతా. వాళ్ళ బండలు గూడ కడగాల గదా. వాళ్ళు బోరు వెయ్యరంట. నీళ్ళు కొంటాండారు, సారు దగ్గర. కొన్న నీళ్ళకు బిల్లుంటే చాలంట, ఆ నీళ్ళు యాడివని పోర్టోళ్ళు అడగరంట. ట్యాంకరు నింపేకాడ పైపు పట్టుకునేకి ఒక మనిషి కావాల. ఒక్కరే. సారు నిన్నే పిల్చకరమ్మన్యాడు. నోరు ల్యాని మనిషి, ఎవరికీ ఏమీ చెప్పదన్యాడు."

హనుమంతమ్మ నాగన్న ముఖం చూసింది. అతని ముఖంలో ఎగతాళి లేదు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు గుర్తొచ్చింది.

"వస్తా" అంది.

బేస్తవారం, శుక్రవారం, ట్యాంకరు మీద ట్యాంకరు. ట్యాంకరు పైకెక్కి లావుపాటి పైపును దాని మూతిలో దోపి, అది ఎగరకుండా ఒడిలోకి అదిమి పట్టుకోవాలి. కింద జాయింటు దగ్గర కారుతుంది, పైన ఒంటి మీద చిమ్ముతుంది. నిండేసరికి మనిషి తడిసి ముద్దవుతుంది. శుక్రవారం పొద్దు వంగుతుండగా గేటు బయట పదిమంది ఆడవాళ్లు బిందెలతో చేరారు. అందరికంటే ముందు సుబ్బక్క లోపలికి వచ్చి, జాయింటు కింద బిందె పెట్టింది. సన్నటి ధార. బిందె అడుగున టపటపమని పడింది.

"కారేదాన్ని ఆపక్కా" అని మోటరు గది దగ్గర్నుంచి అరిచాడు నాగన్న. "ఒకరికి పెట్టనిస్తే ఊరంతా వస్తాది. సారు చూస్తే నా పని అయిపోతాది. ఆ ట్యూబు ముక్క ఉండాది, చుట్టు."

హనుమంతమ్మ ట్యాంకరు దిగింది. సైకిలు ట్యూబు ముక్క తీసుకుంది. సుబ్బక్క ముఖం చూడలేక ఆమె పాదాలు చూస్తూ కూర్చుంది. బిందెలో నీళ్లు బెత్తెడు లోతుకు వచ్చేదాకా ట్యూబు వేళ్ల మధ్య ఊరికే సాగదీస్తూ ఉండిపోయింది.

"అక్కా..." మళ్లీ నాగన్న.

చుట్టింది. ఒక చుట్టు, రెండు, మూడు. పళ్లతో పట్టి ముడి బిగించింది. ధార ఆగిపోయింది.

సుబ్బక్క బిందె చంకనెత్తుకుంది. "నువ్వు చెప్పింది తప్పు గాదులేమే" అంది మెల్లగా. "నేనైనా చెప్పుందును." అని వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే హనుమంతమ్మకు కొంచెం తేలికగా ఉండేది.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చింది. చీర ఇంకా నీళ్లు కారుతూనే ఉంది. ఇంట్లో ఒక బిందెకు సగమే ఉంది, అది తాగడానికి. ముసలామె అలికిడికి తల తిప్పింది. పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నట్టుంది. జుట్టు ముడి తనే ఒక చేత్తో విప్పుకుని, దిండు పక్కకు తోసుకుని పడుకుని ఉంది.

హనుమంతమ్మ బకెట్టు వైపు చూడలేదు. మంచం తలాపున నిలబడి, తడిసిన పైటకొంగు రెండు చేతుల్లోకి తీసుకుని, అత్త నెత్తి మీద పట్టి, బలంకొద్దీ పిండింది.

నీళ్లు నాలుగు సన్నటి ధారలుగా తెల్లజుట్టులోకి దిగాయి. ముసలామె కళ్లు మూసుకుంది.

"శుక్రవారమా మే?"

"అవునత్తా. శుక్రవారమే."

"సల్లగా ఉండాయి" అంది ముసలామె. మంచి చెయ్యి ఎత్తి తడి తలను రుద్దుకోబోయి ఆగింది. "కుంకుడుకాయలు నానబెట్టినావా?"

హనుమంతమ్మ కుచ్చిళ్లు బయటికి లాగి, తడి ఉన్న చోటు వెతుక్కుని, మళ్లీ పిండడం మొదలుపెట్టింది.